గిన్నెలో మిగిలిన మట్టి

పొద్దున పెరట్లో పైపు పెట్టి బండలు కడుగుతున్నాను. అమెరికాలో మా చాండ్లర్‌లో జూన్ నెల, ఏడు గంటలకే ఎండ చుర్రుమంటోంది. రాత్రంతా చల్లారని బండల మీద నీళ్ళు పడగానే ఒక వాసన లేస్తుంది. తొలకరి మట్టివాసన కాదు, అంత తియ్యగా ఉండదు. కొంచెం సున్నం, కొంచెం ఇనుము, కొంచెం పాత గోడ. అది ముక్కుకి తగలగానే నా చెయ్యి ఆగిపోతుంది. పద్నాలుగేళ్ళుగా ఇంతే. ఈ ఎడారిలో నీళ్ళు అలా వదిలేయడం ఎంత తప్పో తెలిసి కూడా, పైపు పట్టుకుని ఒక నిమిషం నిలబడిపోతాను. మా ఆయన చూశాడంటే "మళ్ళ ఫ్రీజ్ అయినవా" అంటాడు. ఏం చేయను, ఆ వాసనతో పాటు వసుంధర గారు వచ్చి ఎదురుగా నిలబడతారు.

మీరెవరూ ఆవిడను చూసి ఉండరు కాబట్టి చెబుతాను. ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. మెడ దాకా కత్తిరించిన తెల్లజుట్టు, మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, దాని జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. మెడలో గొలుసుకి రాళ్ళను చూసే చిన్న భూతద్దం వేలాడుతుండేది. ఆవిడది మార్కాపురం. నాన్నగారు పలకల గనిలో మేస్త్రీ. పలకరాయి పొరలు పొరలుగా ఎందుకు చీలుతుందని చిన్నప్పుడు ఆయన్ని అడిగితే "నాకేం తెలుసే, నువ్వే చదివి చెప్పు" అన్నారట. ఆ మాట పట్టుకుని విశాఖపట్నంలో జియాలజీ చదివి, అక్కణ్ణించి అమెరికా వచ్చి డాక్టరేట్ చేసి, ముప్పై ఏళ్ళు ఒక రాగి గనుల కంపెనీలో రాళ్ళను కాగితం కన్నా పల్చగా కోసి మైక్రోస్కోపు కింద చూశారు. రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవక, మా యూనివర్సిటీ మ్యూజియం ల్యాబ్‌లో జీతం లేకుండా వారానికి మూడు రోజులు పనిచేసేవారు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగే ఆంటీలకు "తీరిక దొరకలేదండీ" అని జవాబు చెప్పి, వాళ్ళ వేలికున్న ఉంగరం లాక్కుని అందులో రాయి అసలుదో కాదో తేల్చేసేవారు. అందుకే పార్టీల్లో ఆవిడ పక్కన కూర్చోవడానికి చాలామందికి భయం.

నేను అప్పుడు మెటీరియల్స్ సైన్స్‌లో ఎం.ఎస్. చేస్తున్నాను. ఎఫ్-వన్ వీసా మీద బయట పనిచేయకూడదు, క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలు మాత్రం చేయొచ్చు. కెఫెటీరియాలో గిన్నెలు తోమే ఉద్యోగం నాకన్నా ముందొచ్చిన వాళ్ళకే దొరకలేదు. మ్యూజియంలో ఎవరో తెలుగావిడ ఉన్నారట, మైక్రోస్కోపు వచ్చినవాళ్ళు కావాలట అని రూమ్మేట్ చెబితే వెళ్ళాను. ఆవిడ నా రెజ్యూమే పక్కకు పెట్టి, "ఏ ఊరమ్మాయ్?" అన్నారు. తాండూరు అని చెప్పాను.

"నాపరాళ్ళ తాండూరా?"

"మా దిక్కు బండలంటం మేడం. మా ఇంట్ల గచ్చు, గోడ, మెట్లు, అన్ని బండలే."

ఆవిడ మొహం విప్పారింది. టేబుల్ మీదున్న ఒక రాతి ముక్క నా చేతిలో పెట్టి, ఏం కనిపిస్తోందని అడిగారు. నేను టక్కున "లైమ్‌స్టోన్" అన్నాను. "పేరు అడగలేదు. ఏం కనిపిస్తోందని అడిగాను." మళ్ళీ చూశాను. బూడిదరంగు, ఒక మూల పసుపు, చిన్న చిన్న గుంటలు. "ఆ, అదీ. పేరు పెట్టేస్తే ఇంక చూడ్డం మానేస్తాం," అన్నారు. ఉద్యోగం ఇచ్చినట్టు వేరే చెప్పలేదు. ఒక నోటు పుస్తకం ఇచ్చి, ఎడం పేజీలో చూసింది, కుడి పేజీలో అనుకున్నది, రెండూ కలిపావంటే చంపేస్తాను అన్నారు. పెన్నుతోనే రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టాలి, కింద ఏముందో చదవడానికి వీలుగా. దేన్నైనా ముట్టుకునే ముందు రాయాలి, ముట్టుకున్నాక మళ్ళీ రాయాలి. మొదటి నెల ఆ రాతకోతలతో విసుగెత్తిపోయి, ఈ ముసలావిడకి పనేం లేదా అని లోపల తిట్టుకున్న మాట కూడా నిజమే.

రెండో నెలలో పెద్దమ్మను చూపించారు. ఆ పేరు నేను పెట్టిందే. మూరెడు ఎత్తు రాతి బొమ్మ. ఎప్పుడో వందేళ్ళ కిందట స్పెయిన్‌లో గనుల్లో పనిచేసి వచ్చిన ఒక ఇంజినీరు అక్కడ కొని తెచ్చి మ్యూజియానికి ఇచ్చాడట. కాగితాలేం లేవు. నేను అప్పటికే దాన్ని నాలుగైదు సార్లు దాటుకుని వెళ్ళాను. ముక్కు విరిగిన బొమ్మ, అంతే అనుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నం వసుంధర గారు కిటికీ తెర దింపి, లైటు ఆర్పి, ఒక టార్చి తెచ్చి బొమ్మకు పక్కనుంచి పట్టుకున్నారు. ఎదురు వెలుతురులో చదునుగా కనిపించిన రాయి మీద ముసుగు మడతలు లేచాయి. చెవుల పక్కన రెండు జడలు, జడల్లో ఒక్కొక్క పాయ. మెడలో మూడు వరసల గొలుసులు. కళ్ళు బాదంకాయలంత, రెప్పల అంచుతో సహా. ఆ ఒంటికి రెండు చేతులు మరీ పెద్దవి. ఆ చేతులు నడుము ముందు ఒక గిన్నెను పట్టుకుని ఉన్నాయి. బొటనవేళ్ళు గిన్నె అంచు మీద నొక్కి ఉన్నాయి, తొణక్కుండా.

"ఎంత భద్రంగ పట్టుకున్నది మేడం," అన్నాను చివరికి.

"ఇది ఎడం పేజీయా, కుడి పేజీయా?" అన్నారు, కానీ నవ్వుతూనే అన్నారు.

ఆ బొమ్మ ఎక్కడిదో ఆవిడ చెప్పిన తీరు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. స్పెయిన్ ఆగ్నేయాన ఒక చిన్న గుట్ట. సెర్రో దె లోస్ సాంతోస్ అంటారు, పుణ్యాత్ముల గుట్ట అని అర్థం. గుట్ట మీద చెట్లు నరికేశాక వానలకు మట్టి కొట్టుకుపోయి, రాతి మొహాలు బయటపడ్డాయి. ఊరివాళ్ళు అవి సాధువుల విగ్రహాలనుకున్నారు. నిజానికి అవి రోమన్లు రాకముందు అక్కడ బతికిన ఐబీరియన్లవి, క్రీస్తుకు మూడు నాలుగు వందల ఏళ్ళ ముందువి. ఆ గుట్ట మీద వాళ్ళ గుడి ఉండేది. "వాళ్ళ లిపి మనం చదవగలం తెలుసా? అక్షరాలు పలకగలం. ఒక్క ముక్క అర్థం కాదు," అన్నారు. అంత దగ్గరగా వచ్చి ఆగిపోయిన గొంతు ఇంకోటి నాకు తెలీదు.

"పెద్దమ్మ ఏ దేవత మేడం?" అని అడిగాను.

"అదే తమాషా. ఈవిడ దేవత కాదు. దర్శనానికొచ్చిన మనిషి. వీళ్ళంతా భక్తులే. మన గుళ్ళో దేవుడు ఉండిపోతాడు, మనం దణ్ణం పెట్టుకుని ఇంటికెళ్ళిపోతాం. అక్కడ దేవుడి బొమ్మ ఇదీ అని తేల్చి చెప్పగలిగింది ఒక్కటీ దొరకలేదు. వచ్చినవాళ్ళే రాళ్ళై నిలబడిపోయారు. వందలమంది, గిన్నెలు పట్టుకుని."

"తిరుపతిల రాజు, రాణులు చేతులు జోడించుకొని ఉంటరు కదా, అట్లనా?"

"ఆ, అలాగే. కాకపోతే ఇక్కడ మామూలు జనం కూడా." టార్చి ఆర్పకుండా ఆవిడ గిన్నె లోపలికి వెలుగు తిప్పారు. అడుగున ముదురు గోధుమరంగు మట్టి, చెక్కు కట్టి ఉంది. "నాకు దీని అందం కాదమ్మాయ్ కావాల్సింది. ఈవిడ ఏం తెచ్చింది? పాలా, తేనా, నూనా, ద్రాక్షసారా? పట్టుకుని నిలబడే ఉంది. మనం అడగలేదు," అన్నారు. డెబ్బై దాటిన మనిషి గొంతులో అంత ఆశ్చర్యం నేను ఎవరి దగ్గరా వినలేదు. ఆ రోజు బస్సులో ఇంటికెళ్తూ నా రెండు చేతుల్నీ ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాను.

అయితే ఒక చిక్కుంది. ఆ గుట్ట మీద బొమ్మలు బయటపడిన రోజుల్లోనే ఒకడెవడో నకిలీలు చెక్కి అసలువాటిలో కలిపేశాడు. దాంతో మొత్తం గుట్ట మీదే అనుమానం పడి, తేరుకోవడానికి చాలాకాలం పట్టింది. కాగితాలు లేని ప్రతి బొమ్మా ఇప్పటికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిందే. మా మ్యూజియం క్యూరేటర్ డయాన్ ఖచ్చితమైన మనిషి. రుజువు దొరక్కపోతే ఆ బొమ్మను ప్రదర్శన నుంచి తీసేసి, నకిలీ కావచ్చు అని చీటీ కట్టి, అడుగు అంతస్తులో పెట్టెలో పెట్టేస్తామని చెప్పేసింది. పెట్టెలోకి వెళ్ళింది మళ్ళీ బయటికి రాదని అందరికీ తెలుసు. వసుంధర గారు వేరే యూనివర్సిటీ వాళ్ళతో మాట్లాడి ఒప్పించారు. ఒక సోమవారం ఇద్దరు వచ్చి చిన్న నమూనా తీసుకుని పరీక్ష చేస్తారు, ఆ తర్వాత డయాన్ నిర్ణయిస్తుంది. పెద్దమ్మ బతుకు ఆ సోమవారం మీద ఉంది.

ఆ ముందు శుక్రవారం వసుంధర గారు కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళారు. ల్యాబ్‌లో నేనొక్కదాన్నే. ఇప్పుడు మీకు నవ్వు రావచ్చు, కోపం రావచ్చు. మా ఇంట్లో శుక్రవారమంటే బండలు కడిగే రోజు. మా అమ్మ గడప దగ్గర మొదలుపెట్టి వెనక వాకిలి దాకా, మోకాళ్ళ మీద కూర్చుని పీచుతో రుద్ది కడిగేది. చుట్టాలొస్తున్నారంటే రెండుసార్లు. రాయంటే కడగాల్సిందే అన్నది నాకు ఎవరూ నేర్పలేదు, అది నాలో ఉంది. సోమవారం దూరం నుంచి మనుషులొస్తున్నారు. పెద్దమ్మ మొహం మీద దుమ్ము, గిన్నెలో మట్టి. నా మనసొప్పలేదు. మెత్తటి బ్రష్, డిస్టిల్డ్ వాటర్, చిన్న పుల్లకు చుట్టిన దూది. ఎంత జాగ్రత్తగా చేశానంటే చంటిపిల్లకు స్నానం చేయించినట్టు చేశాను. తడి రాతి వాసన గదంతా లేచింది. గిన్నెలో మట్టి మొదట కదల్లేదు, తర్వాత మెత్తబడి టీ రంగు నీళ్ళయింది. అడుగున ఉలి గుర్తులు బయటపడ్డాయి. నాకు ఎంత సంతోషమైందో. నీళ్ళు సింకులో పారబోశాను.

నాలుగు గంటలకు ఫోను మోగింది. "అమ్మాయ్, ఒక మాట మర్చిపోయాను. ఆ గిన్నెలో మట్టి మీద గాలి కూడా తగలనీకు. వాళ్ళు వచ్చేది దానికోసమే. ఏముందో తెలిస్తే, నకిలీవాడు అది పెట్టి ఉండడని చెప్పచ్చు."

"సరే మేడం," అన్నాను.

ఆ రెండు మాటలూ నేను నా జీవితంలో చెప్పిన అతి పెద్ద అబద్ధం. తర్వాత రెండు రోజులు నా బుర్ర ఎన్ని దారులు వెతికిందో చెబితే నాకే సిగ్గు. మ్యూజియంలో ఉన్న ఫోటోలు పాతవి, మసకవి. గిన్నెలో మట్టి అంతగా లేదేమో అనొచ్చు. ఎండి రాలిపోయిందనొచ్చు. ఎవరూ చూడలేదు కదా. చెబితే ఈ ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే సెమిస్టర్ గడవదు, మా నాన్నకు ఏం చెప్పాలి. రూమ్మేట్ శాంతంగా విని, "చెప్పకు, పిచ్చా నీకు? స్టోన్‌కి ఏమైంది, ఇంకా క్లీన్‌గా ఉంది కదా," అంది. నిజానికి నన్ను తినేసింది ఉద్యోగం భయం కాదు. రెండు వేల మూడు వందల ఏళ్ళు తొణక్కుండా పట్టుకున్న దాన్ని నేను ఒక్క మధ్యాహ్నంలో సింకులో పోశాను. కళ్ళు మూసుకుంటే ఆ రెండు బొటనవేళ్ళే కనిపించేవి.

ఆదివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ ఉప్మా కలుపుతున్నారు. గుమ్మంలోనే "మేడం, నేను కడిగేసిన," అన్నాను. దేన్ని అని అడగలేదు. స్టవ్ ఆర్పారు.

"ఆ నీళ్ళేవి?"

"పారబోసిన."

ఆవిడ అక్కడే స్టూలు మీద కూర్చున్నారు. "బుద్ధుందా నీకు? ముట్టుకునే ముందు రాయమని నెల రోజులు గొంతు చించుకున్నానే! గుళ్ళో అంట్లు తోమడానికి పెట్టానా నిన్ను?" ఆవిడ గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే. నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆవిడ ఓదార్చలేదు. లేచి వెళ్ళి కాగితాలు తెచ్చి నా ముందు పెట్టారు. "ఏడుపు తర్వాత. ముందు రాయి. ఏ బ్రష్, ఎన్ని నీళ్ళు, ఏ పక్కన మొదలుపెట్టావ్, ఎన్ని సార్లు తిప్పావ్. ఒక్కటి దాచినా నాకు తెలిసిపోతుంది."

రెండు గంటలు రాశాను. ఉప్మా చల్లారిపోయింది. ఆవిడ పక్కన కూర్చుని పోలీసువాళ్ళలా అడిగారు. దూది ఎక్కడ వాడావ్? ఎంత లోతుకి? చివరికి, ఎక్కడ ఆపావ్ అన్నారు. నేను కళ్ళు మూసుకుని నా చేతిని మళ్ళీ నడిపించుకున్నాను. "ఎడమ బొటనవేలి కింద, గిన్నె అంచు లోపల బ్రష్ పోలే మేడం. సందు చిన్నగుండె. దూది కూడా పట్టలే. అక్కడ వదిలేసిన. మంచిగ రాలేదని బాధైంది కూడా."

ఆవిడ నా మొహంలోకి చూశారు. "అది రాయి. అదే మాటల్లో రాయి," అని, లేచి చెప్పులు వేసుకున్నారు. "పద."

ఆదివారం మ్యూజియం ల్యాబ్ తాళాలు ఆవిడ దగ్గర ఉండేవి. పెద్దమ్మను మెత్తటి ఇసుక సంచి మీద పడుకోబెట్టి, పొడుగు చెయ్యి ఉన్న మైక్రోస్కోపును బొటనవేలి మీదికి వంచారు. అరగంట కదల్లేదు. నేను గోడకు ఆనుకుని నిలబడి దేవుళ్ళందరికీ మొక్కాను. తర్వాత ఆవిడ పక్కకు జరిగి, "చూడు, పేర్లు పెట్టకుండా చెప్పు," అన్నారు.

నేను చూశాను. వేలికీ గిన్నెకూ మధ్య, బియ్యపుగింజలో సగం చోటులో, తెల్లటి చెక్కు. అద్దం ముక్కల్లా మెరిసే చిన్న చిన్న పలుకులు ఒకదాని మీద ఒకటి పెరుగుతూ రాతిలోకే పాతుకుపోయి ఉన్నాయి. వాటి మధ్య వెంట్రుకంత గొట్టం, లోపల ఖాళీ. ఎప్పుడో ఒక గడ్డివేరు ఆ బొటనవేలి సందులోంచి దారి చేసుకుని పోయింది. వేరు కుళ్ళిపోయింది, దాని చుట్టూ పేరుకున్న సున్నం దాని ఆకారాన్ని ఉంచేసుకుంది. నేను చూస్తున్నది మట్టిలో ఉన్న కాలాన్ని. పైన ఎవరెవరో పుట్టి పోతుంటే, ఆ గుట్ట కింద చీకట్లో ఈ గిన్నె చుట్టూ గడ్డి వేళ్ళూనుకుంది. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేశారు. "జిగురు పూసి సున్నం చల్లితే ఇలా రాదమ్మాయ్. ఇది ఎవరూ చెయ్యలేరు. ఇది తనంతట తాను పెరగాల్సిందే," అన్నారు.

సోమవారం ఆవిడ నా తరఫున ఒక్క ముక్క మాట్లాడలేదు. నేనే చెప్పాలి. డయాన్ ముందు, వచ్చిన ఇద్దరి ముందు నిలబడి, నేను రాసిన నాలుగు పేజీలు చదివాను. నా ఇంగ్లీషు ఆ రోజు ఎంత తడబడిందో. డయాన్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ సెమిస్టర్ నేను ఏ వస్తువునూ ముట్టుకోకూడదని చెప్పింది. ఉద్యోగం తీసేయలేదు. ఇక నా పని సీసాలు కడగడం, చీటీలు టైపు చేయడం. వచ్చినవాళ్ళు బొటనవేలి సందులోంచి కంటికి కనిపించనంత నమూనా తీసుకెళ్ళారు. అది చాలా కొంచెం, ఒక్క ప్రశ్నకే సరిపోతుంది, ఏ ప్రశ్న అడగమంటారని అన్నారు. ఎంత కాలం మట్టిలో ఉందో అడగండి అన్నారు వసుంధర గారు. గిన్నెలో ఏముందో అడగడానికి ఇంక మిగల్లేదు.

ఏడు వారాల తర్వాత జవాబు వచ్చింది. ఆ చెక్కు సహజంగా పెరిగింది, వందల ఏళ్ళు భూమిలో ఉంటే తప్ప రాదు. పెద్దమ్మ అసలు మనిషి. డయాన్ స్వయంగా వచ్చి నా టైపింగ్ టేబుల్ దగ్గర నిలబడి చెప్పి వెళ్ళింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి వసుంధర గారిని గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ నవ్వి, వెంటనే నన్ను దూరం పెట్టి, ఫైలు తెరిచి పెన్ను ఇచ్చారు. బొమ్మ రికార్డులో రెండు పంక్తులు చేర్చాలి. గిన్నెలోని అవశేషాన్ని కడిగి పోగొట్టింది, అని రాసి నా పేరు. మిగిలిన అవశేషం ఎక్కడుందో చెప్పింది, అని రాసి మళ్ళీ నా పేరు. మొదటి పంక్తిలో పేరు లేకుండా రాయొచ్చు కదా మేడం అన్నాను. "అప్పుడు రెండోది ఎవరు నమ్ముతారు?" అన్నారు. రాశాను. కానీ చాలా ఏళ్ళు ఆ మొదటి పంక్తి అంటే నాకు భయమే. ఇక్కడి కంప్యూటర్ చిప్ ప్లాంట్‌లో ఉద్యోగానికి వచ్చినప్పుడు కూడా, ఎవరైనా ఆ ఫైలు తీస్తారేమో అనే అనుకున్నాను.

ఆవిడ పోయేముందు సంవత్సరం, చూపు బాగా తగ్గిపోయాక, ఒక ఆదివారం వెళ్ళాను. చాలాసేపు రాళ్ళ కబుర్లే. ఉన్నట్టుండి, నేను నీకు ఒక మాట చెప్పలేదు అన్నారు. గనుల కంపెనీలో చేరిన కొత్తలో ఆవిడ రెండు రాళ్ళ ట్రేలు తారుమారు చేశారట. ఆ లెక్కన తప్పుచోట తవ్వారు. నింద పీట్ అనే తోటి ఉద్యోగి మీద పడింది, అతన్ని పంపించేశారు. "నాకు తెలుసు. వారం లోపే తెలుసు. నేను కొత్తదాన్ని, ఆడదాన్ని, బయటిదేశం దాన్ని. నోరు మూసుకున్నాను. తర్వాత వెతికాను, దొరకలేదు. ఎక్కడో చనిపోయాడట." చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "ఆ ఆదివారం నువ్వు గుమ్మంలో నిలబడి చెప్పావే, నాకు నీ మీద కోపం రెండు నిమిషాలే. తర్వాత అసూయ."

ఆవిడ పాదాల దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. నేను జీవితమంతా ఆవిడను రాయంత గట్టి మనిషి అనుకున్నాను. ఆ గట్టితనమంతా ఒక్క రోజు చెప్పని మాట చుట్టూ పేరుకున్నదని అప్పుడు తెలిసింది. ఆవిడ మీద గౌరవం తగ్గుతుందేమోనని లోపల వెతుక్కున్నాను. తగ్గలేదు. ఇంకా ఎక్కువైంది, అదెలాగో నేనిప్పటికీ వివరించలేను.

పోయిన నెల మ్యూజియం నుంచి ఒక మెయిల్ వచ్చింది. పాత రికార్డులన్నీ ఆన్‌లైన్‌లో పెడుతున్నారట. డయాన్ ఎప్పుడో రిటైరైంది, ఇప్పుడున్నది ఎవరో కొత్త మనిషి, చాలా మర్యాదగా రాశాడు. ఐబీరియన్ విగ్రహం ఫైలులో నష్టానికి కారణమైన వ్యక్తిగా మీ పేరు ఉంది, అది అందరికీ కనిపిస్తుంది, మీకు ఇబ్బందయితే "సిబ్బందిలో ఒకరు" అని మారుస్తాం, రెండో పంక్తిలో మీ పేరు అలాగే ఉంచుతాం, అని. ఆ మెయిల్ మూడు రోజులు తెరిచి మూశాను. మా అమ్మాయికి పదేళ్ళు, దానికి నా భుజం మీంచి చదివే అలవాటు. "అమ్మా, నీ నేమ్ తీసేయ్ అని చెప్పు. ఎవ్రీబడీ చూస్తారు. నీ ఆఫీస్ పీపుల్ చూస్తారు," అంది.

"నేను చేసింది కదా నాన్నా."

"కానీ యాక్సిడెంట్ కదా. వాళ్ళే మార్చేస్తాం అంటున్నారు కదా."

నిజమే, వాళ్ళే అంటున్నారు. ఎవరూ నన్ను అడగరు. సిబ్బందిలో ఒకరు అని రాస్తే, ఆ రోజుల్లో ఆ ల్యాబ్‌లో పనిచేసింది ఇద్దరం. ఒకరు నేను. రెండోవారు ఇప్పుడు లేరు, కాదని చెప్పుకోలేరు. చదివినవాళ్ళు ఎవరిననుకుంటారో నేను ఎంచుకోలేను. పెద్దమ్మ ఏం తెచ్చిందో ఇంక ఎప్పటికీ ఎవరికీ తెలీదు. ఆవిడ ముందు నిలబడి ఆ ఖాళీ గిన్నెలోకి తొంగిచూసే ప్రతి మనిషికీ, అది ఎవరివల్ల ఖాళీ అయిందో తెలుసుకునే హక్కు ఉంది. మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఒకే ఒక్క వాక్యం టైపు చేసి పంపాను. రెండు చోట్లా నా పేరు ఉంచండి.